పలక మీద జల్లులు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. ఇంటికి నూరుమంది వస్తున్నారని నేను కబురు పెడితే మా ఆవిడ పాతికమందికి వంట చేస్తుంది. అందులోనూ కొంత మిగులుతుంది. ఇన్నేళ్ల కాపురంలో నా మాటను నాలుగుతో భాగించడం ఆమె చేతికి వచ్చేసింది. మీరు కొత్తవాళ్లు, పదితో భాగించండి. ఇందులో ఒక్క ముక్క మాత్రం భాగించడానికి లొంగదు, మొత్తంగా కొట్టెయ్యవలసిందే. అదేదో చివర్లో నేనే చెబుతాను. చెప్పకుండా దాటవేద్దామని ముప్పై ఏళ్లు చూశాను, కుదరలేదు.

పోయిన నెల కడపలో ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్లాను. కొత్త ఇంట్లో కొత్త టీవీ పెట్టాడు. దాని ఏంటెన్నా ఎంత ఎత్తుందంటే, పాలకొండల మీద మేసే మేకలు దారి తప్పి దాని మీదుగా దిగివస్తున్నాయని ఆ వీధివాళ్లు అంటున్నారు. వీధి మొత్తం హాల్లో కూర్చుంది. వార్తలయ్యాక ఒక అమ్మాయి పటం మీద పుల్ల పెట్టి, రాయలసీమలో పొడి వాతావరణం నెలకొని ఉంటుందని చెప్పింది. నా నోట్లోంచి నాకు తెలియకుండానే ఒక మాట వచ్చింది.

"అంటే ల్యాదని."

వెనక కుర్చీలో ఒక ముసలాయన నవ్వాడు. మా కర్నూలు కాలేజీలో ఒకప్పుడు గుమాస్తాగా పనిచేసినాయన. ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పాడు. "మన రేడియో ఐవారు పోయినాడప్పా. రెండు నెల్లాయె. రాయచోటిలో కూతురింట్లో."

టీవీలో ఆ తర్వాత ఏదో పాట వచ్చింది. నాకు వినబడలేదు.

టీవీ వచ్చిందని ఈ పిల్లలు మురిసిపోతున్నారుగాని, మా కాలేజీకి ముప్పై ఏళ్ల కిందటే సొంత ప్రసార కేంద్రం ఉండేది. మాట వచ్చేది, బొమ్మ కూడా వచ్చేది. దానికి డైరెక్టరు, ఇంజనీరు, వార్తలు చదివేవాడు, ఊడ్చేవాడు, అందరూ కలిపి ఒక్కరే. ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరు. మేము సార్ అనేవాళ్లం. ఊరు మాత్రం రేడియో ఐవారు అనేది. మా వైపు పంతులును ఐవారంటారు.

అది రాజధాని మా ఊరికి వచ్చిన ఏడాది. ఇళ్లు చాలక గుడారాలు వేశారు. కర్నూలు గాలి సంగతి తెలియనివాళ్లు వేసిన గుడారాలవి. ఒక గుడారం లోపలున్న గుమాస్తాతో సహా పైకి లేచి, తుంగభద్ర దాటి అవతలి గట్టున దిగిందనీ, అతను అక్కడే హాజరుపట్టీ తెరిచి సంతకం చేశాడనీ మా హాస్టల్లో చెప్పుకునేవారు. చెప్పింది నేనే. ఆ రోజుల్లో సభలకని యుద్ధకాలం నాటి మైకు సామాను ఎక్కడి నుంచో దిగింది. ఒక ఆంప్లిఫయరు, నాలుగు లౌడుస్పీకరు హారన్లు. సభలు అయిపోయాయి, మనుషులు వెళ్లిపోయారు, సామాను మా కాలేజీ వరండాలో ఉండిపోయింది. హారన్లు ఎంత పెద్దవంటే ఒక దాంట్లో మేక ఈనింది.

వేరొకరైతే ఆ సాయంత్రమే వాటిని సొంతం చేసుకునేవారు. ఐవారు మూడు ఆఫీసులకు ఉత్తరాలు రాశాడు, ఇవి మీవేనా అని. మావి కావంటే మావి కావని మూడు జవాబులు వచ్చాయి. ఆ మూడింటినీ ఫైలులో కుట్టుకున్న తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు.

ఒక హారను కాలేజీ కప్పు మీద, ఒకటి బస్టాండులో, ఒకటి బురుజు దగ్గర, ఒకటి వేరుశనగ మండీలో. వాటికి తీగ లాగడంలో హాస్టల్లోని బట్టలారేసుకునే తీగలన్నీ ఖర్చయిపోయి, మా బ్యాచీ రెండేళ్లపాటు తడి బట్టలతోనే డిగ్రీ చదివింది. లాబులో ఒక రేడియో ఉండేది. దాన్ని సరాసరి హారన్లకు తగిలిస్తే మద్రాసు వార్తలు ఊరంతా వినబడతాయని మొదట అనుకున్నారు. తగిలించారు. వార్తలు రాలేదు, గరగర వచ్చింది. నాలుగు హారన్లలో ఒక్కసారిగా గరగరమనేసరికి ఊళ్లో సగంమంది వాన మొదలైందనుకుని మంచాలు లోపలికి వేసుకున్నారు. పదితో భాగించండి. అయినా ఒక మంచం మిగులుతుంది, అది మా వార్డెనుది, నేను చూశాను.

ఆయన అప్పుడు కనిపెట్టిన పద్ధతి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుని కూర్చునేవాడు. ఆ గరగరలోంచి మద్రాసు మాటలను, బియ్యంలోంచి రాళ్లు ఏరినట్టు కాదు, రాళ్లలోంచి బియ్యం ఏరినట్టు ఏరేవాడు. ఏరినది పలక మీద బలపంతో రాసేవాడు. పలకే ఎందుకంటే కాగితమైతే మైకు ముందు చప్పుడు చేస్తుంది. పలక నిండగానే మైకు నొక్కి, "ఇది కాలేజీ కేంద్రం. వినండి," అని మొదలుపెట్టి చదివేవాడు. అది తుడిచి, మళ్లీ రాసుకుని, మళ్లీ చదివేవాడు. అట్లా ఆరు పలకల వార్తలు, ఒక పలక వాతావరణం. ఆ ఆఖరి పలకను తుడిచేవాడు కాదు. లాబు కిటికీ బయట మేకుకు తగిలించేవాడు, చెవుడున్నవాళ్ల కోసమూ, ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసమూ. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటి రాగిముద్దంత. బొమ్మ కూడా వచ్చేదని చెప్పానే, అది ఇదే.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు భుజం మీది తడిగుడ్డ కనిపిస్తుంది. పలకను ఎప్పుడూ పైనుంచి కిందికి, మూడు ఊపుల్లో తుడిచేవాడు. ఒకసారి గుడ్డ ఆరిపోయి ఉంటే మా వాడొకడు చనువుగా పలక మీద ఉమ్మి రుద్దబోయాడు. ఆయన పలక లాక్కుని, లోకంలోని వార్తలను ఎంగిలితో తుడుస్తావా అని అడిగి, కుళాయి దాకా నడిచి వెళ్లి గుడ్డ తడుపుకుని వచ్చాడు. ఆ లోపల మద్రాసులో ఏం జరిగిందో మా ఊరికి ఇప్పటికీ తెలియదు. హెడ్‌ఫోను కమ్మీ వల్ల ఆయన జుట్టు నడినెత్తిన ఈ చెవి నుంచి ఆ చెవి దాకా అణిగిపోయి బండిదారిలా ఉండేది. ఆదివారం చర్చిలో కూడా, నూనె రాసి దువ్వినా, ఆ దారి అట్లాగే ఉండేది.

చర్చి అన్నాను గనక ఆయన గొంతు సంగతి చెప్పాలి. వాళ్ల నాన్న వేంపల్లె పక్క పల్లెలో ఉపదేశి. కొడుకుకు పదేళ్లప్పుడు చర్చిలో పాఠం చదివించాడట. చదువుతూ చదువుతూ, వినడానికి బాగుంటుందని పిల్లవాడు ఒక మాట సొంతంగా కలిపాడు. తండ్రి ఆరాధన నడిమధ్యలో ఆపి, అందరి ముందూ మళ్లీ మొదటి నుంచి చదివించాడు. ఇంటికొచ్చాక కొట్టలేదు, తిట్టలేదు, ఒక్కటే చెప్పాడట: "ఆ మాట నీది గాదురా. నీ నోటికిచ్చినారు, అంతే." ఈ కథ ఆయన మాకు కనీసం నాలుగు వందల సార్లు చెప్పి ఉంటాడు. మా ఆవిడ పద్ధతిలో లెక్కేసినా నూరు.

నేను ఆ లాబులో సాయంత్రాలు ఎందుకుండేవాణ్ణంటే శిక్ష మీద. లోలకం ప్రయోగం చేయమంటే నేను దారం కట్టకుండానే, గుండు ఊపకుండానే, హాస్టల్లో మంచం మీద పడుకుని అంకెలన్నీ రాసుకొచ్చాను. జవాబు పుస్తకంలో ఉన్నంత చక్కగా వచ్చింది. ఆయన రికార్డు పుస్తకం వెలుగులో పెట్టి చూసి, "ఇంత సరిగ్గా వచ్చిందంటే నువ్వు చూడనే ల్యాదన్నమాట," అన్నాడు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, "విన్నది చెప్పప్పా. అనుకున్నది ఇంటికాడ చెప్పుకుందువు," అన్నాడు. ఆ టర్మంతా రోజూ సాయంత్రం ఆయన ముందే లోలకం ఊపి లెక్కపెట్టాలని తీర్పు. ఒక మూల నా గుండు అటూ ఇటూ ఊగేది, ఇంకో మూల ఆయన బలపం కీచుమనేది. నా జీవితంలో అంతకంటే ప్రశాంతమైన రోజులు మళ్లీ రాలేదు.

కిటికీ బయట క్రికెట్టు మైదానం చదును చేసే రాతి రోలరు ఒకటి పడి ఉండేది. మేము ఎప్పుడూ క్రికెట్టు ఆడినట్టు గుర్తులేదు, రోలరు మాత్రం ఉండేది. వార్తల వేళకు దాని చుట్టూ జనం చేరేవాళ్లు. గుడారాల గుమాస్తాలు రాజధాని ఎక్కడికి పోతుందో వినడానికి, వకీళ్లు కాలక్షేపానికి, రైతులు ఆ ఆఖరి పలక కోసం. ఆయన పుస్తకాల భాషలో గంభీరంగా, "రాయలసీమలో పొడి వాతావరణం నెలకొని ఉండును," అని చదివి, మైకు కట్టేసి, కిటికీలోంచి తల బయట పెట్టి, "అంటే ల్యాదని," అనేవాడు. అంతే. సొంత మాట అదొక్కటే, అదీ మైకు కట్టేశాకే.

ఒకసారి ఒక వకీలు, రోజూ లేదు లేదంటావు, పాపం అంతంత దూరం నుంచి వస్తారు, ఒక ఆశ మాట కలిపితే నీ హారనేమన్నా అరిగిపోతుందా అని గదమాయించాడు. ఆయన వేంపల్లె కథ మొదలుపెట్టాడు. వకీలు సగంలోనే లేచిపోయాడు.

రోలరు మీద ఎప్పుడూ ఒకే ముసలాయన కూర్చునేవాడు. కోడుమూరు పక్క పల్లె. దాయాదితో గట్టు తగాదా కోర్టులో ఉంది, మూడు వారాలకో వాయిదా. ఆ దావా ఎంత పాతదంటే, మొదట్లో గట్టు మీదున్న తుమ్మచెట్టు చచ్చి, దాని పిల్ల పెరిగి, అది కూడా సాక్షిగా నమోదయింది. వాయిదా అయ్యాక ఆఖరి బస్సు దాకా ఆయన రోలరు మీదే. నాది కూడా కోడుమూరు వైపే గనక నా మీద ఆయనకు హక్కుండేది. ఏమి నాయనా, ఇంకా ఆ గుండునే ఊపుతాండావా అని కిటికీలోంచి ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లుగా ఎన్నో సభల్లో, ఎన్నో విందుల్లో నేను చెబుతూ వచ్చిన కథ ఇది.

ఆ ఏడు ఆషాఢంలో ఒక్క వాన పడి ఆగిపోయింది. నేలలో సగం పదను. వేరుశనగ, మా వైపు బుడ్డలంటాం, వేయాలంటే ఇంకో వాన కావాలి. వేసిన తర్వాత వస్తే పంట. రాకపోతే విత్తనం పోతుంది, మళ్లీ వేయడానికి ఇంట్లో వేరే విత్తనం ఉండదు. హారను రోజూ పొడి వాతావరణమే అంటోంది. ఊరు ఎంత ఎండిందంటే తుంగభద్రలో చేపలు గట్టెక్కి దారి అడుగుతున్నాయి. ఆ వాయిదా రోజు ముసలాయన కిటికీ ఊచలు పట్టుకుని నాతో అన్నాడు. "పదను పోతాండాది నాయనా. ఈ వారం విత్తకపోతే ఈ ఏడు ల్యాదు. ఒక్క వాన ఉండాదని తెలిస్తే సాలు, పొద్దున్నే గొర్రు కడతా."

ఆ సాయంత్రం ఐవారి చెవిలో కురుపు. చెవికి దూది పెట్టుకుని, ముఖం వాచి ఉంది. అయినా వార్తలు ఆపలేదు. ఆరు పలకలు చదివాడు. ఏడో పలక ఎత్తి పట్టుకుని, రోజూ కంటే కొంచెం ఎక్కువసేపు దాన్ని చూసి, చదివాడు. "రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడవచ్చును."

నాలుగు హారన్లలో ఆ మాట నాలుగు వైపులకూ పోయింది. మండీలో హమాలీలు తువ్వాళ్లు గాల్లోకి ఎగరేశారు. బస్టాండులో ఒక కండక్టరు టికెట్టు అడగడం మరిచిపోయి డోను దాకా పోయాడు. ఐవారు మైకు కట్టేసి, కిటికీలోంచి తల బయట పెట్టి, "అంటే..." అని ఆగిపోయాడు. జనం మిగతా మాట కోసం ఆగలేదు. ముసలాయన రోలరు మీద నుంచి లేచి, చెప్పులు అక్కడే వదిలేసి, బస్సుకు పరిగెత్తాడు. పలక కిటికీ బయట మేకుకు వేలాడింది. గుండ్రటి అక్షరాలు, ఆయన దస్తూరీయే. ఊరంతా చూసింది.

ఎన్నడూ ఒక్క మాట కలపని మనిషి ఆ రోజెందుకు కలిపాడు? ఆ ముసలాయన ముఖం చూసి తట్టుకోలేకపోయాడని నేను చెబుతాను. అక్కడ విందులో ఒకరిద్దరు కళ్లు తుడుచుకుంటారు.

వాన రాలేదు.

మూడు వారాల తర్వాత ముసలాయన వచ్చాడు. అరవలేదు. కిటికీ దగ్గరికొచ్చి, తువ్వాలు మూట విప్పి, గుప్పెడు మాడిన మొలకలు గట్టు మీద పోశాడు.

"మొలక గూడా వచ్చినాది ఐవారూ. నీ మాట నమ్మి తల పైకెత్తినాయి."

ఐవారు ఒక మొలక చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. భుజం మీది గుడ్డ తీశాడు. అది ఆరిపోయి ఉంది. కుళాయి దాకా వెళ్లి తడుపుకుని వచ్చి, పలక తుడిచి, రాశాడు. వార్తల వేళ ఇంకా గంట ఉందనగా ఆంప్లిఫయరు వేశాడు. మండీ, బస్టాండు, బురుజు అన్నీ తలెత్తి ఉంటాయి. ఆయన చదివింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇది కాలేజీ కేంద్రం. వినండి. ఈ కేంద్రం చెప్పిన జల్లుల మాట మద్రాసు చెప్పినది కాదు. తప్పు కేంద్రానిది. చదివినవాణ్ణి నేను." చదివి పలకను మేకుకు తగిలించాడు. ముసలాయన చెప్పులు మూడు వారాలుగా లాబు బీరువాలో, గాజు గొట్టాల పక్కన, దుమ్ము తుడిచి పెట్టి ఉన్నాయి. అవి తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టాడు.

ప్రిన్సిపాలు పిలిపించాడు. ఆయన మంచివాడే. వాన రాకపోతే ఎవరైనా నిన్ను తప్పు పట్టారా, నోరు మూసుకుంటే నాలుగు రోజుల్లో ఊరే మరిచిపోయేది, కాలేజీ తప్పు చేసిందని నాలుగు హారన్లలో చాటింపు వేస్తావా అన్నాడట. వాన దేవుడి పని గదా అని కూడా అన్నాడట.

"వాన దేవుడిది సార్. మాట మనది."

ప్రిన్సిపాలు ఇంక పెద్దలు చేసే పనే చేశాడు. నెల తిరక్కముందే హారన్లు దిగాయి. ఏడాది తిరిగేసరికి రాజధాని కూడా గుడారాలు చుట్టుకుని వెళ్లిపోయింది. రెంటికీ సంబంధం ఉందని మండీలో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

హారన్లు దిగిన వారమే ఐవారు సెలవు పెట్టి వేంపల్లెకు పోయి, వాళ్ల అన్నదమ్ముల ఇళ్లు తిరిగి, విత్తనం బుడ్డలు సేకరించి, బస్సు టాపు మీద నాలుగు బస్తాలు వేసుకుని కోడుమూరులో దిగాడు. శ్రావణం చివర్లో వాన పడ్డాక అవి నేలలోకి పోయాయి. వెనకపైరు, సగం పంట. తర్వాత వాయిదాకు ముసలాయన ఒక తువ్వాలు నిండా పచ్చి బుడ్డలు తెచ్చి లాబు కిటికీలో పెట్టాడు. హారను లేదు, వార్తల్లేవు. అయినా ఆఖరి బస్సు దాకా రోలరు మీదే కూర్చున్నాడు. సాయంత్రం ఆ వేళకు మండీలోనూ, బస్టాండులోనూ జనం ఉత్త స్తంభాల వైపు తలెత్తి చూడడం చాలా ఏళ్లు పోలేదు. నాకిప్పటికీ పోలేదు. ఆ వేళకు నేను ఏ ఊళ్లో ఉన్నా మెడ దానంతటదే పైకి లేస్తుంది. మా ఆవిడ మెడనొప్పి అనుకుని నూనె రాస్తుంది.

ఇక్కడితో కథ ఆపుతాను నేను, సభల్లో. జనం చప్పట్లు కొడతారు.

రెండేళ్ల తర్వాత ఆయన్ని కడపలో చూశాను. అక్కడి కాలేజీకి బదిలీ అయింది. నాకు అదే ఊళ్లో ఉద్యోగం దొరికింది. ఒక సాయంత్రం లాబుకు వెళ్తే, పిల్లలు వెళ్లిపోయాక ఒక్కడే కూర్చుని పలక తుడుస్తున్నాడు. అదే మూడు ఊపులు. ఇక్కడ కూడా స్టేషను పెట్టకూడదా సార్ అని అడిగాను. చెవి సరిగ్గా పనిచెయ్యడం లేదని, ఆ కురుపు తర్వాత ఎడమవైపు మందగించిందని చెప్పాడు. జుట్టులో ఆ బండిదారి పూడిపోయింది. టీ తెప్పించాడు. వెళ్లొస్తానని లేస్తే గుమ్మం దాకా వచ్చి ఒక మాట అడిగాడు. ఆ మాట నేను ఏ సభలోనూ చెప్పలేదు.

"ఆ పొద్దు నువ్వు ఏమి విన్నావప్పా?"

మొదట్లో చెప్పానే, ఒక ముక్క కొట్టెయ్యాలని. ఇదిగో కొట్టేస్తున్నాను. మేక ఈనింది నిజం కాదు, గుడారం ఎగిరింది నిజం కాదు, కానీ వాటి వల్ల ఎవరి విత్తనమూ పోలేదు. ఐవారు ముసలాయన ముఖం చూసి వాన కలిపాడన్నది నా కల్పన. ఆయన ఏమీ కలపలేదు. ఆయన జన్మలో ఏమీ కలపలేదు.

ఆ సాయంత్రం కురుపు మీద హెడ్‌ఫోను ఆనలేదు. ఆయన లోలకం దగ్గర నుంచి నన్ను పిలిచి, అది నా చెవులకు తగిలించి, పలక చేతికిచ్చి, విన్నది విన్నట్టు రాయమన్నాడు. ఆరు పలకలు అట్లాగే రాశాను. ఏడోది రాయబోతూ కిటికీ వైపు చూశాను. ముసలాయన ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక అంతమంది. ఒక్కసారి, ఒక్క సాయంత్రం, ఆ ముఖాలు ఎట్లా లేస్తాయో చూడాలనిపించింది. జాలి కూడా కాదు, జాలి అని తర్వాత చెప్పుకున్నాను. సరదా. జల్లులని రాశాను. ఐవారు పలక చూసి, నన్ను చూసి, విన్నావా అని అడిగాడు. తల ఊపాను. చదివాడు. నా వంకర అక్షరాలు తుడిచేసి, గుండ్రంగా తన చేత్తో మళ్లీ రాసి మేకుకు తగిలించాడు. అందుకే ఊరంతా చూసింది ఆయన దస్తూరీ. మొలకలు కిటికీలో పోసిన రోజు ఆయన నా వైపు తిరిగాడు. నేను లోలకం వైపు చూశాను. ఆయనకు అంతే చాలింది. తర్వాత కుళాయి దాకా నడిచి వెళ్లి గుడ్డ తడుపుకున్నాడు.

కడప లాబు గుమ్మంలో ఆయన అడిగినప్పుడు నాకు ఇంకో అవకాశం దొరికింది. నేను, "గరగర ఎక్కువగా ఉండె సార్," అన్నాను.

ఆయన భుజం మీది గుడ్డ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "ఉంటాది," అన్నాడు. "గరగరలో మనిషికి ఏది కావాల్నో అదే వినపడ్తాది. పోయిరాప్పా."

ఆయన అట్లా నాకిచ్చిన సాకును ముప్పై ఏళ్లు వాడుకున్నాను. ఇప్పుడు రాయచోటికి పోయినా తిరిగి ఇవ్వడానికి మనిషి లేడు. అందుకే ఇక్కడ, ఆయన పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో రాయలేకపోయినా, రాస్తున్నాను. ఆ సాయంత్రం గరగర లేదు. మద్రాసు గంట కొట్టినట్టు వినబడింది. పొడి వాతావరణం అన్నారు.